తాత్కాలికము: అర్థము, ప్రయోగము

తాత్కాలికము అనగా కొంతకాలము మాత్రమే నిలుచునది, లేక కొంతకాలమునకు మాత్రమే ఏర్పరుపబడినది అని నేటి తెలుగున వ్యవహారము. ఇది సంస్కృతమునుండి రూపభేదము లేక వచ్చిన తత్సమము. శాశ్వతము, స్థిరము, నిత్యము అనునవి దీనికి వ్యతిరేకార్థకములు. గడువు, మితి, వాయిదా, ముద్దతు, మధ్యంతరము, ఆపద్ధర్మము, క్షణికము అనునవి దీనికి ఇరుగుపొరుగులు. నిఘంటువును పైపైన తిరుగవేయువారికి ఇవన్నియు పర్యాయపదములుగానే తోచును గాని, వీనిలో కొన్ని తమ అంతము ఏనాడో ముందే చెప్పుకొనునవి, కొన్ని తమకు అంతము కలదని మాత్రమే చెప్పి అది ఏనాడన్న సంగతి దాచుకొనునవి. గడువు మొదటి జాతిది. తాత్కాలికము రెండవ జాతిది. గడువునకు తేదీ ఉండును, తాత్కాలికమునకు సందర్భము మాత్రమే ఉండును. ఈ భేదమును గుర్తింపనివారు ఈ పదమును ఎన్నిమారులు వాడినను దాని నడకను పట్టుకొనజాలరు.

ఈ వ్యాసమునకు వలసిన ఉదాహరణములలో పెక్కింటిని యానాం ప్రాంతమునుండి, అందులో కనకాలపేటను మనసులో నుంచుకొని గ్రహించుటకు కారణము లేకపోలేదు. గౌతమీ గోదావరినుండి కోరంగి పాయ చీలుచోట, చుట్టును ఆంధ్రప్రదేశమే ఉండగా, ముప్పది చదరపు కిలోమీటర్ల మేర నెలకొన్న ఈ గడ్డ, రెండు శతాబ్దములకు పైగా తెలుగువారే నివసించు పరరాజ్యమై యుండి, నేడు ఎంతో దూరమునగల పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతములో ఒక జిల్లాగా నున్నది. కనకాలపేట అందలి గ్రామములలో ఒకటి. నేల, నీరు, ప్రభుత్వము, కొలువు – ఈ నాలుగింటిలో దేనిని తీసికొన్నను తాత్కాలికమన్న మాటకు ఇక్కడ దొరకినంత చక్కని వ్యాఖ్యానము మరియొకచోట దొరకుట అరుదు.

వ్యుత్పత్తి

తత్ అనగా ‘అది’, కాలము అనగా సమయము. తత్కాలము అనగా ‘ఆ సమయము’. కాలవాచకములపై ‘ఇక’ అను తద్ధితప్రత్యయము చేరి, మొదటి అచ్చునకు వృద్ధి కలుగునని పాణిని వ్యాకరణము విధించినది. మాసము మాసికమును, వర్షము వార్షికమును, దినము దైనికమును అయినట్లే తత్కాలము తాత్కాలికమైనది. ఆ ప్రత్యయమునకు పాణినీయులు చెప్పిన అర్థములలో ఒకటి మిక్కిలి రమ్యమైనది: ఇంతకాలమునకు కూలికి కుదుర్చుకొనబడినవాడు అను అర్థము. నెలకు కుదిరిన పనివాడు మాసికుడు. నేటి ప్రజాపనుల శాఖలో మస్టరు రోలున వేలిముద్ర వేయు కూలివానికి ఇంతకంటె ప్రాచీనుడైన పూర్వికుడు వ్యాకరణశాస్త్రమున దొరకడు.

గమనింపదగిన సంగతి యేమనగా, ఈ పదము యొక్క అవయవములలో ‘స్వల్పము’ అనుటకు గాని ‘అంతమగును’ అనుటకు గాని చోటు లేదు. ‘ఆ సమయమునకు చెందినది’ అనుటయే మూలార్థము. కనుకనే సంస్కృత శాస్త్రగ్రంథములలో ఈ పదము నేటి మన అర్థమునకు ఎడముగా సంచరించినది. 1150లో సిద్ధాంతశిరోమణిని రచించిన భాస్కరాచార్యుడు, గ్రహము దినమునకు నడుచు సగటు గతి వేరు, చూచుచున్న ఆ క్షణమున దానికిగల గతి వేరు అని విడదీసి, రెండవదానిని తాత్కాలిక గతి యన్నాడు. అచ్చట ఈ మాటకు ఆగిపోవునది అని అర్థము కాదు. సరిగా ఆ నిమిషమునకు పట్టినది అని అర్థము. గణితమున నేడు చలనకలనము చేయు పని కొంత ఈ విశేషణము ఆనాడే చేసినది.

జ్యోతిషమున మరియొక అడుగు పడినది. గ్రహములకు నైసర్గిక మైత్రి యని, తాత్కాలిక మైత్రి యని రెండు విధముల స్నేహము చెప్పుదురు. మొదటిది పుట్టుకతో వచ్చినది, మారనిది. రెండవది జాతకచక్రమున ఆ గ్రహములు నిలిచిన స్థానములనుబట్టి వచ్చునది: ఒక గ్రహమునకు రెండు, మూడు, నాలుగు, పది, పదునొకటి, పండ్రెండు స్థానములందున్న గ్రహములు తాత్కాలిక మిత్రులు, తక్కినచోట్ల నున్నవి తాత్కాలిక శత్రువులు. నైసర్గికమునకు ఎదురుగా నిలువబెట్టిన ఈ ప్రయోగమునందే మన వ్యవహారార్థమునకు బీజము పడినదని తోచును. స్వభావమువలన గాక సందర్భమువలన కలిగినది తాత్కాలికము. సందర్భము తొలగినపుడు అదియు తొలగును.

తత్కాలము హిందీ ద్వారమున మరల మన ఇండ్లలోనికి వచ్చినది. రైలు ప్రయాణమునకు ముందునాడు ఉదయము పది గంటలకు ఏసీ తరగతులకును, పదునొకండు గంటలకు తక్కిన తరగతులకును తెరచు ‘తత్కాల్’ కోటాలో ఆ మాటకు ‘వెంటనే’ అని అర్థము. ఒకే బీజమునకు పుట్టిన ఇద్దరు అన్నదమ్ములలో ఒకడు ఆలస్యము సహింపనివాడును, మరియొకడు ఆలస్యమునకే మారుపేరును అయినాడు.

కాలికములు

కాలపరిమితి గల వస్తువులకు ‘కాలిక’ శబ్దమునే పేరుగా పెట్టి, వానిని శ్రద్ధతో వర్గీకరించినవారు బౌద్ధులు. పాళిభాషలోని వినయపిటక సంప్రదాయమున భిక్షువు స్వీకరించు పదార్థములు నాలుగు విధములు. వండిన అన్నము మొదలైన ఆహారములు యావకాలికములు. వానిని స్వీకరించిన దినమున మధ్యాహ్నములోపలనే భుజింపవలెను. వడకట్టిన ఫలరసములు యామకాలికములు. అవి మరునాటి అరుణోదయము వరకు చెల్లును. నేయి, వెన్న, నూనె, తేనె, బెల్లము అను అయిదును సప్తాహకాలికములు. భిక్షువు వానిని ఏడు దినములు దాచుకొనవచ్చును. వేళ్ళు, చూర్ణములు మొదలైన ఔషధములు యావజ్జీవికములు. వానిని బ్రతికినన్నాళ్ళు ఉంచుకొనవచ్చును. వస్తువును స్వీకరించిన క్షణమునుండియే దానికి గడువు నడచుట ఇందలి విశేషము. నేయి చెడిపోయినదా లేదా అను ప్రశ్న కాదు. ఏడు దినములు నిండినవా లేదా అనునదే ప్రశ్న. గోదావరి లంకసీమలో ఆదుర్రు మొదలుకొని కృష్ణాతీరమున అమరావతి, నాగార్జునకొండల వరకు ఆరామములు వెలసిన కాలమున, తెలుగునేలపై భిక్షాపాత్రలు పట్టినవారికి వినయనియమములే దినచర్యగా నుండెను. నేటి మందుసీసాపై అచ్చువేయు చివరి తేదీని చూచి ఇది నిన్న మొన్నటి తెలివి యనుకొనువారు ఆ భిక్షువులను తలచుకొనవలెను.

క్షణికమును గూర్చి ఒక మాట. బౌద్ధ తార్కికులు సర్వమును క్షణికమన్నారు. వారి క్షణము విభజింపరానంత సూక్ష్మము. అమరకోశకారుని లెక్క వేరు. ఆయన చెప్పిన కాలమానమున పండ్రెండు క్షణములు ఒక ముహూర్తము, ముప్పది ముహూర్తములు ఒక అహోరాత్రము. ఈ లెక్కను గడియారమునకు తెచ్చినచో క్షణము సరిగా నాలుగు నిమిషములగును. ‘క్షణములో వచ్చెద’నని చెప్పి నాలుగు నిమిషములకు వచ్చినవానిని అమరసింహుని ముందర నిలువబెట్టి తప్పు పట్టుటకు వీలులేదు.

తెలుగువారి సొంతమాటలు

సంస్కృతము నిచ్చిన మాట ఇట్లుండగా, తెలుగు తన గడువును తానే చేసికొన్నది. గడుచు అను దేశ్యధాతువునకు దాటిపోవుట, కాలము జరుగుట అని అర్థము. పూట గడుచుట, నెల గడుచుట, గండము గడుచుట అను పలుకుబడులలో అది నేటికిని సజీవముగా నున్నది. దానినుండి పుట్టిన గడువు, ఎంతవరకు గడువవలెనో ఆ హద్దును తెలుపును. పారసీక, అరబ్బీ భాషలనుండి కచేరీల మార్గమున వచ్చినవానిలో ముద్దతు కాలపరిమాణమును, కిస్తు వాయిదా సొమ్మును చెప్పును. వీనిలో వాయిదా చరిత్ర చిత్రమైనది. అరబ్బీలో దానికి వాగ్దానమని అర్థము. ఫలాని నాటికి చెల్లింతునను మాట అది. మన న్యాయస్థానములలో కాలుపెట్టిన తరువాత అదే మాటకు ఆనాడు జరుగదను అర్థము కుదిరినది. కౌలు కూడ మొదట ఇచ్చిన మాటయే. నేడు అది పరుల భూమిని కొంతకాలము సాగుచేయు హక్కు. ఉర్దూలో తాత్కాలికమునకు హంగామీ అని పేరు. మన హంగామా ఆ మాటకు దాయాది. కొద్దికాలపు కొలువునకును గందరగోళమునకును గల చుట్టరికమును పారసీకులు ముందే కనిపెట్టియుందురు.

మాటలకంటె లోతుగా ఈ భేదమును తెలుగు క్రియలోనే నిలుపుకొన్నది. చిన్నయసూరి బాలవ్యాకరణమున తద్ధర్మార్థకమని పేర్కొన్న రూపము, వస్తువు యొక్క ఎడతెగని స్వభావమును తెలుపును: అగ్ని కాల్చును, నీరు పల్లమునకు పారును. వర్తమానార్థకము మాత్రము ఇప్పుడు జరుగుచున్నదానినే తెలుపును. వాడుకభాషలో ఈ సొగసు ఇంకను స్పష్టము. పరిచయము లేనివారు ‘మీదే ఊరండి?’ అని అడిగినపుడు, తాతలనాటినుండి ఇల్లుగలవారు ‘మాది కనకాలపేటండి’ అందురు. కాకినాడనుండియో పుదుచ్చేరినుండియో బదిలీపై వచ్చి అద్దె యింట దిగినవారు ‘కనకాలపేటలో ఉంటున్నామండి’ అందురు. ముప్పదియేండ్లు అద్దెకున్నను ఆ ‘ఉంటున్నాము’ తొలగదు. ఉద్యోగము నిమిత్తము పరదేశమున స్థిరపడి ముప్పదియేండ్లు ఊరిమొగము చూడనివానికిని ‘మాది’ పోదు. తాత్కాలికమన్న మాటను పలుకకయే తాత్కాలికతను చెప్పు విద్య ఇది.

ఇచ్చట మరియొక నియమము బయటపడును. స్వల్పకాలము నిలుచు ప్రతిదానిని మనము తాత్కాలికమనము. తెల్లవారి వాకిట పెట్టిన ముగ్గు మధ్యాహ్నమునకు చెరగును. తొలకరి సాయంకాలము దీపముచుట్టు ముసరిన ఉసుళ్ళు తెల్లవారుసరికి రెక్కలు రాల్చును. మూణ్ణాళ్ళ ముచ్చట యని ఎన్నింటినో అందుము. వీనిలో దేనికిని తాత్కాలికమను విశేషణము చెల్లదు. ఏలయనగా, వీని వెనుక శాశ్వతమైన ప్రతి ఏదియు రావలసియుండలేదు. శాశ్వతమైనది రావలసిన స్థానమున, అది వచ్చువరకు నిలుచునదే తాత్కాలికము.

దీనికి ఆగమశాస్త్రమునందలి బాలాలయమే ఉత్తమ నిదర్శనము. గర్భాలయమును జీర్ణోద్ధారము చేయునపుడు దేవతాశక్తిని కలశమునందో దారుబింబమునందో ఆవాహన చేసి, చిన్న మందిరమున నిలిపి, పూజలు సాగింతురు. పని ముగిసినపుడు తిరిగి మూలమూర్తి యందు నిలుపుదురు. ఆ చిన్న మందిరము బాలాలయము. యాదగిరిగుట్టలో 2016లో ఏర్పరచిన బాలాలయమునందే లక్ష్మీనరసింహస్వామి, ప్రధానాలయము తిరిగి తెరువబడిన 2022 మార్చి 28వ తేదీ వరకు భక్తులకు దర్శనమిచ్చెను. ‘తాత్కాలిక ఆలయము’ అనవలసినచోట ‘బాల’ శబ్దమును వేసిన శాస్త్రకారుల మర్యాదను మెచ్చుకొనవలెను. చిన్నదనిరి గాని, పోవునది యనలేదు.

గోదావరి చెప్పు అర్థము

యానాం పరిసరములలో నేలయే నిత్యము కాదు. వరద తెచ్చిన ఒండ్రు నిలిచి తిప్పయగును, తిప్ప పెరిగి లంకయగును, మరియొక వరదకు లంక కోసికొనిపోవును. దరియాలతిప్ప, ఇసుకతిప్ప అను గ్రామనామములే ఈ కథను చెప్పుచున్నవి. ప్రక్కనేయున్న కోరంగి ఒకప్పుడు నావలు కట్టిన గొప్ప రేవు. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెనయు, నదీముఖమున మేటవేసిన ఇసుకయు కలిసి దానిని గ్రామముగా మిగిల్చినవి. ఇట్టి నేలకు దఖలు పట్టా ఇచ్చుట ప్రమాదమని తెలిసిన రెవిన్యూవారు గోదావరి లంకలకు ఏకసాలు కౌలు పెట్టిరి. ఏకసాలు అనగా ఒక సంవత్సరము. ఏడాదికొకమారు నేల ఉన్నదా యని చూచి మరల కౌలు వ్రాయుట ఆ పద్ధతిలోని వివేకము.

ఈ నదీముఖముననే గడువును తాత్కాలికమును పక్కపక్కన పెట్టి చూడవచ్చును. తూర్పుతీరమున యంత్రపు పడవలపై చేపలవేటకు ప్రతియేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు అరువదియొక్క దినములు నిషేధము. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమిది. యానాం మత్స్యకారునికి ఆ నిషేధము తొలగు దినము అది మొదలగు దినముననే తెలియును. కాబట్టి అతడు వల బాగుచేసికొనును, పడవకు రంగు వేసికొనును, భృతికై ఎదురుచూచును. ఇది గడువు. వరద హెచ్చరిక యిట్టిది కాదు. ధవళేశ్వరమున ప్రవాహము పది లక్షల క్యూసెక్కులకు చేరినపుడు మొదటి ప్రమాద హెచ్చరిక, పదుమూడు లక్షలకు రెండవది, పదునేడు లక్షలకు మూడవది ఎగురవేయుదురు. 2022 జూలైలో వచ్చిన వరదలో ఆ ప్రవాహము ఇరువదియైదు లక్షలను దాటినపుడు యానాంలో పల్లపు పేటలు నీటిపాలయినవి. పునరావాస కేంద్రమున చాపపరచుకొన్న గృహిణి ‘ఇంటికెప్పుడు?’ అని అడిగినచో చెప్పదగిన తేదీ ఎవరియొద్దను ఉండదు. నీరు తీసినపుడని మాత్రమే చెప్పవలెను. ఇది తాత్కాలికము.

అదే వరద ఎఱ్ఱనీటితోపాటు సముద్రమునుండి గోదావరికి ఎదురీదు పులసను తెచ్చును. పుస్తెలమ్మియైనను తినవలసినదని గోదావరిజిల్లాలవారు సామెత కట్టుకొన్న ఆ చేప, శ్రావణ భాద్రపదములలో రెండు మూడు నెలలు యానాం రేవున వేలమునకు వచ్చును. ఇది గడువును కాదు, తాత్కాలికమును కాదు. ఏటేట మరల వచ్చునది గనుక ఋతుధర్మము. కాలపరిమితి గలదానిని వర్ణించునపుడు ఈ మూడవ తెగను మరచుట సామాన్యదోషము.

ప్రభుత్వములు

ఫ్రెంచివారు 1723లో యానాంలో వర్తకస్థానము పెట్టిరి. లాభము లేదని 1727లో విడిచిరి. 1731లో మరల వచ్చిరి. తరువాత ఇంగ్లీషువారు, ఫ్రాన్సుతో యుద్ధము వచ్చినపుడెల్ల యానాంను పట్టుకొనుచు, ఐరోపాలో సంధి కుదిరినపుడెల్ల విడుచుచు, 1814 నాటి పారిస్ సంధి ననుసరించి కడపటిసారిగా తిరిగి యిచ్చిరి. ఇన్నిమార్లు చేతులు మారిన ఊరివారికి ‘ఈ దొరలు ఎన్నాళ్ళు?’ అను ప్రశ్న సహజముగా నుండియుండును. అయినను ఆ పాలనలోనే శాశ్వతత్వమునకు ప్రతీకయైన శాసనమును కలదు. 1881 సెప్టెంబరు 21 నాటి ఉత్తరువు ప్రకారము, స్వమతసంబంధమైన కుటుంబన్యాయమును వదలుకొని ఫ్రెంచి పౌరస్మృతిని స్వీకరించినవారికి, ఆ పరిత్యాగము తిరుగులేనిది. వారికే గాక వారి సంతతికిని అది వర్తించినది.

ఇరుగుపొరుగు చట్టముల గడువులు యానాంకు సంబరమును తెచ్చిన ఘట్టమొకటి చెప్పదగియున్నది. 1929లో బ్రిటిషు ఇండియాలో బాల్యవివాహ నిరోధమునకు శారదా చట్టము చేయబడి, 1930 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చెను. వధువునకు పదునాలుగు, వరునకు పదునెనిమిది ఏండ్లు నిండవలెనని నియమము. నడుమ దొరకిన ఆరునెలలలో తెలుగుజిల్లాలలో పెండ్లిపందిళ్ళకు లెక్కలేదు. ఉయ్యాలలోని పసికందులకు పుస్తెలు కట్టించిరి. గడువు దాటిన తరువాత మేల్కొన్నవారు బండ్లు కట్టుకొని యానాం వచ్చిరి; ఇది ఆనాడు ఫ్రెంచివారి నేల గనుక శారదా చట్టము ఇక్కడ చెల్లలేదు. ఆ రోజులలో ఈ ఊరికి కల్యాణపురమను పేరు వచ్చినది. పేరు సొగసైనదే గాని, ఆ కల్యాణముల పాలైన బాలికలకు అది సొగసు కాదు.

1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య మొదలైన విలీనవాదులు యానాం పాలనను చేజిక్కించుకొనిరి. అక్టోబరు 18న కీళూరులో సమావేశమైన నూటడెబ్బదియెనిమిదిమంది ఫ్రెంచి ఇండియా ప్రతినిధులలో నూటడెబ్బదిమంది భారతదేశమున విలీనమునకు సమ్మతించిరి. నవంబరు 1న పాలన భారత ప్రభుత్వము చేతికి వచ్చినది. వచ్చినది పాలన మాత్రమే. సార్వభౌమాధికారము ఫ్రాన్సునందే నిలిచినది. 1956 మే 28న ఢిల్లీలో అప్పగింత ఒప్పందము సంతకమైనను, ఫ్రెంచి పార్లమెంటు ఆమోదము ఆలస్యమై, 1962 ఆగస్టు 16న గాని చట్టబద్ధమైన బదిలీ పూర్తికాలేదు. ఏడు సంవత్సరముల తొమ్మిది మాసముల పదునైదు దినములు యానాం ప్రజలు భారతీయ పాలనలో ఫ్రెంచి నేలపై నివసించిరి. ఏ తేదీకి ముగియునో చెప్పక నడచిన ఈ మధ్యకాలము తాత్కాలికమను పదమునకు పాఠ్యగ్రంథము వంటిది.

నటనాచార్యుడుగా ప్రసిద్ధుడైన దేవదాస్ కనకాల 1945 జూలై 30న ఈ కనకాలపేటలో జన్మించెను. పుట్టినది ఫ్రెంచి ఇండియాలో. తొమ్మిదేండ్లు నిండిన తరువాత పాలన మారినది. పదునేడేండ్లు నిండిన తరువాత గాని జన్మభూమి చట్టరీత్యా భారతభూమి కాలేదు. ఊరు కదలలేదు, ఇల్లు కదలలేదు. బాల్యమంతయు తాత్కాలికమునందే గడచినది.

1956 నాటి ఆ అప్పగింత ఒప్పందమునందే రెండు నిబంధనలను పోల్చి చూడవలెను. స్థానికులైన ఫ్రెంచి జాతీయులు భారత పౌరులగుదురు. ఫ్రెంచి జాతీయతయే కావలెననువారు ఒప్పందము అమలులోనికి వచ్చిన ఆరునెలలలోపల వ్రాతపూర్వకముగా తెలుపుకొనవలెను. ఇది గడువు, 1963 ఫిబ్రవరితో అది తీరిపోయినది, దానితోపాటు ఎన్నియో కుటుంబముల భవితవ్యము తేలిపోయినది. రెండవ నిబంధన భాషను గూర్చినది: ప్రజలెన్నుకొన్న ప్రతినిధులు మరియొక విధముగా నిర్ణయించువరకు ఫ్రెంచియే అధికార భాషగా నుండవలెనని. ఇందు తేదీ లేదు. 1965లో పుదుచ్చేరి శాసనసభ అధికార భాషా చట్టము చేసి తమిళమునకును, యానాంలో తెలుగునకును, మాహేలో మలయాళమునకును చోటిచ్చెను. మొదటి నిబంధన నేడు చరిత్రకారుల సొత్తు, రెండవది న్యాయవాదుల సొత్తు.

రాజ్యాంగము, రాజధానులు

భారత రాజ్యాంగము ఇరువదియొకటవ భాగమునకు తాత్కాలిక, పరివర్తనకాలిక నిబంధనలని పేరుపెట్టినది. 1962లో దానికి ‘ప్రత్యేక’ అను మాట చేరినది. అందలి 370వ అధికరణము తాత్కాలికమను శీర్షిక క్రింద దాదాపు డెబ్బదియేండ్లు నిలిచి 2019 ఆగస్టున నిర్వీర్యమైనది. 334వ అధికరణము వేరొక తరహాది. చట్టసభలలో షెడ్యూల్డు కులములకు, తెగలకు స్థానములు పదియేండ్ల వరకని తేదీతో మొదలై, ప్రతి దశాబ్దమున సవరణతో పొడిగింపబడి, ఇప్పటికి 2030 వరకు వచ్చినది. ఆంగ్లో ఇండియనుల నామనిర్దేశమునకు మాత్రము 2020 జనవరిలో పొడిగింపు దొరకలేదు. తేదీ గలదానిని పొడిగించుటకైనను సభ కూడవలెను, చర్చ జరుగవలెను. తేదీ లేనిదానిని పొడిగించుటకు ఎవరును ఏమియు చేయనక్కరలేదు.

తెలుగువారి రాజధానులు ఈ పదముతో మిక్కిలి పరిచయము గలవి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించినపుడు కర్నూలు రాజధాని యాయెను. కచేరీలు పెక్కు డేరాలలో నడచినవి. 1956 నవంబరు 1న ఆ డేరాలు ఎత్తివేసి హైదరాబాదు చేరిరి. 2014 పునర్విభజన చట్టము హైదరాబాదును పదియేండ్లు మించకుండ ఉమ్మడి రాజధాని చేసినది; 2024 జూన్ 2న ఆ గడువు ముగిసినది. ఈ లోగా 2016లో అమరావతి ప్రాంతమున వెలగపూడిలో కట్టిన భవనసముదాయమునకు తాత్కాలిక సచివాలయమని పేరువచ్చెను. దానికి తేదీ లేదు. ఎన్నికలకు ముందు సభ రద్దయిన పిమ్మట కొనసాగు మంత్రివర్గమునకు మన పత్రికలు తాత్కాలికమనక ‘ఆపద్ధర్మ ప్రభుత్వము’ అనుట శ్లాఘనీయము. భారత శాంతిపర్వమునుండి వచ్చిన ఆ మాటలో, ఆపద తొలగినపుడు ఆ ధర్మమును తొలగునను హద్దు ఇమిడియున్నది.

పుదుచ్చేరి ప్రాంతమున పురపాలక సభలకు, పంచాయతీలకు 1968లో జరిగిన ఎన్నికల తరువాత మరల 2006లో గాని ఎన్నికలు జరుగలేదు. యానాం పురపాలక సంఘమును, దానితోపాటు కనకాలపేట వీధిదీపములను, మురుగుకాలువలను, ఎన్నికైన సభ వచ్చువరకను తాత్కాలికపు మాటమీద, ఏండ్ల తరబడి అధికారులే చూచుకొనిరి.

కొలువు

సామాన్యుని నోట ఈ పదమునకు మొదటి అర్థము ఉద్యోగమునకు సంబంధించినదే. అచ్చట దీనికి వాడుకమాట ‘టెంపరరీ’, దీని ప్రతి ‘పర్మనెంటు’. దినకూలి, నామినల్ మస్టరు రోలు (ఎన్.ఎం.ఆర్.), కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగు, పుదుచ్చేరి ప్రభుత్వ శాఖలలోనైతే ‘వౌచరు’ ఉద్యోగి – పేర్లు పెక్కు, స్థితి ఒక్కటి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1994 ఏప్రిల్ 22న వెలువరించిన 212వ ఉత్తరువు, 1993 నవంబరు 25 నాటికి అయిదేండ్లు నిండినవారిని క్రమబద్ధము చేయవచ్చుననెను. ఒక్క దినము తక్కువైనవారు ఆ తేదీని జీవితాంతము మరువలేదు. 2006 ఏప్రిల్‌లో ఉమాదేవి కేసున సుప్రీంకోర్టు, నియమములకు వెలుపల చేరినవారికి ఎంతకాలము పనిచేసినను స్థిరపరచుమని అడుగు హక్కు లేదని తీర్పునిచ్చినది. 2012 జనవరిలో యానాంలోని ఒక పింగాణీ పలకల కర్మాగారమున వేతనములకును తాత్కాలిక కార్మికుల స్థిరీకరణకును సంబంధించిన వివాదము ముదిరి, కార్మిక నాయకుడొకడును, కర్మాగారపు ఉన్నతాధికారి యొకడును ప్రాణములు కోల్పోయిరి.

శాస్త్రములందు ఈ పదము క్షణమునకు పట్టిన కొలత. ఆలయమున అది మర్యాద గలిగిన నిరీక్షణ. నదిలో అది నీటిమట్టము. కచేరీలో మాత్రమే అది సమాధానము చెప్పకుండ తప్పించుకొనుటకు పనికివచ్చు మాట యైనది. పాణినీయుల మాసికునికి తన పని నెలకని తెలియును. నేటి తాత్కాలికోద్యోగికి తెలియదు. కావున ఉత్తరువులు వ్రాయు అధికారులును, ఒప్పందములు వ్రాయు న్యాయవాదులును, తెలుగున తాత్కాలికమని వ్రాసినచోటనెల్ల దాని ప్రక్కన ఒక తేదీని కూడ వ్రాయుదురు గాక.